మొదటి హెచ్చరిక

వానాకాలం మొదలైతే మా ఊళ్ళో పలకరింపులు మారిపోతాయి. ఎదురుపడ్డవాళ్ళు "ఎంతుందట?" అని అడుగుతారు. ఏమిటని ఎదురు అడగక్కర్లేదు. "పదిన్నర, ఇంకా పెరుగుతోందంట" అని జవాబు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం సంగతి అది. 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రాజమహేంద్రవరంలో పెరిగిన పిల్లలకు ఈ అంకెలు ఎక్కాలతో పాటే నోటికి వచ్చేస్తాయి. పైన భద్రాచలం లెక్క వేరు: 43, 48, 53. అక్కడ పెరిగిన నీరు మా దాకా రావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. కాబట్టి భద్రాచలం అంకె వింటే రేపు మన గట్టు దగ్గర ఏం కాబోతోందో ఈ రోజే తెలుస్తుంది.

చిన్నప్పుడు నాకు మూడో హెచ్చరిక అంటేనే ఒళ్ళు జలదరించేది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. పెద్దయ్యాక, నాన్న చలవ వల్ల, నా లెక్క మారింది. ఇప్పుడు నా మనసులో పెద్దపీట మొదటి హెచ్చరికకే. అది జారీ అయిన రోజు ఊళ్ళో ఎవరూ పరుగులు పెట్టరు. టీవీలవాళ్ళు గొడుగులేసుకుని గట్టు మీద నిలబడరు. కానీ నది నడుమ ఉన్న లంకలకు తిరిగే పడవలు ఆగిపోతాయి. లంక మేతకు వెళ్ళిన పశువులను గట్టెక్కిస్తారు. నెలలు నిండిన ఆడవాళ్ళను ముందుగానే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరుస్తారు. పంచాయతీ ఆఫీసులో ఎవరో ఒకరు రాత్రి ఫోను దగ్గర పడుకుంటారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయింది. లంకలన్నీ మునిగాయి. నష్టం తక్కువేమీ కాదు. అయినా అంత నీటికి జరగాల్సిన ప్రాణనష్టం జరగలేదంటే, నీరు ఇంకా పన్నెండు అడుగుల దగ్గర ఉన్నప్పుడు జరిగిన పనులే కారణమని నా నమ్మకం.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. వరదల మాట వచ్చినప్పుడల్లా ఒకే సంగతి అనేవారు. "గోదారికి మూడు నంబర్లు పెట్టుకున్నాం. జనానికి ఒక్కటీ పెట్టుకోలేదు."

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

1991 పుష్కరాలప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పుష్కరాలు ఇంకా నెల రోజులు ఉండగానే ఒక సాయంత్రం నాన్న మఫ్టీలో, లుంగీ మీద, నన్ను ఘాట్ దగ్గరికి తీసుకెళ్ళారు. షికారు అనుకుని సంబరపడ్డాను. ఆయన రోడ్డు మలుపు నుంచి మెట్ల దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచారు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూశారు. మళ్ళీ మలుపు దగ్గరికి వెళ్ళి, ఈసారి గొంతుక్కూర్చుని మెట్లవైపు చూశారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. "కూర్చుని చూస్తారేంటి నాన్నా?" అంటే, "ఆరేళ్ళ పిల్లాడికి ఎంత కనబడుతుందో చూస్తున్నానమ్మా" అన్నారు. తరువాత నన్ను కింది మెట్టు మీద నిలబెట్టి, ఆయన మలుపు దగ్గరికి పోయి, "అమ్మలూ, నువ్వు జారిపడ్డావనుకో, పిలువు" అన్నారు. పిలిచాను. ఘాట్ మీద పది మంది కూడా లేని ఆ సాయంత్రం కూడా నా గొంతు ఆయనకు అందలేదు. మళ్ళీ రాసుకున్నారు.

ఆ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఎర్ర అట్ట, అరచేయంత. వరసగా ప్రశ్నలు. "కింద ఒకరు పడితే పైనున్నవాళ్ళకు ఎవరు చెప్పాలి?" "కరెంటు పోతే?" "రైలు ఆలస్యమై రెండు బళ్ళ జనం ఒకేసారి దిగితే?" "తిరిగొచ్చేవాళ్ళు ఎటు పోవాలి? వచ్చిన దారినే పోతే ఎదురెదురు అవుతారు." చాలావాటికి జవాబులు లేవు. ప్రశ్న పక్కన చిన్న గీత గీసి వదిలేశారు. గోదావరి స్టేషన్ పుష్కర ఘాట్‌కు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. రైలు దిగినవాళ్ళకు మొదట కనబడే నీళ్ళు అవే. కోటిలింగాల ఘాట్ ఎంత పొడుగ్గా కట్టినా, గౌతమి ఘాట్ ఎంత ఖాళీగా ఉన్నా, కొత్తవాడి కాళ్ళు దగ్గరి నీళ్ళకే పోతాయి. నాన్న పుస్తకంలో ఈ సంగతి కింద రెండు గీతలున్నాయి.

పోలీసు శాఖలో పెద్ద పండుగకైనా, జాతరకైనా, మంత్రిగారి పర్యటనకైనా ముందుగా 'బందోబస్తు స్కీం' రాస్తారు. సెక్టార్లు, పాయింట్లు, ఒక్కో పాయింట్‌లో ఎవరు, వాళ్ళ పైన ఎవరు, రోల్ కాల్ ఎన్నింటికి, టిఫిన్ పొట్లాలు ఎక్కడ. చాలా కష్టపడి రాస్తారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. లక్షల మందికి దారి చూపించడం ఆ కాగితాలు లేకుండా అయ్యే పని కాదు. కానీ నాన్నకు ఒక వెలితి ఉండేది. "ఎవరు ఎక్కడ నిలబడాలో స్కీం చెప్తుంది. ఏం కనబడితే ఏం చెయ్యాలో చెప్పదు" అనేవారు. పాయింట్‌లో నిలబడ్డ కుర్రాడు జనం చిక్కబడుతున్నారని పసిగట్టినా, దారి మూసే మాట అతని చేతిలో లేదు. వైర్‌లెస్ సెట్‌లో ఎస్సైగారికి చెప్పాలి. ఆయన పైవారికి చెప్పాలి. అవతల సెట్‌లో ఒకేసారి పది మంది మాట్లాడుతుంటారు. ఆ లోపల జనం ఆగరు.

గోదావరి విషయంలో అలా ఉండదు. నీరు 13.75 అడుగులకు వచ్చినప్పుడు ఏం చేద్దామని ఎవరూ కూర్చుని ఆలోచించరు. ఆలోచించడం ఎండాకాలంలోనే అయిపోయింది. ఎవరిని ఎక్కడికి తరలించాలో, పడవలెన్ని కావాలో, ఏ బడి తాళం ఎవరి దగ్గరుందో అప్పుడే రాసి పెట్టుకున్నారు. అంకె రాగానే పని మొదలవుతుంది. తొందరలో, భయంలో, నిద్రలేమిలో మనిషి బుర్ర సరిగ్గా పనిచేయదు. తీరిగ్గా ఉన్నప్పుడు చేసిన నిర్ణయాన్ని ఆ గంటకు దాచిపెట్టుకోవడమే ముందుచూపు అని నాన్న దగ్గర నేర్చుకున్నాను.

జనానికీ అలాంటి గుర్తులు ఉన్నాయని ఆయన నమ్మారు. ఎర్ర పుస్తకంలో ఒక పేజీ నిండా అవే రాసుకున్నారు. జనం మధ్య నేల కనబడడం మానేస్తే ఒకటో నంబరు. పిల్లలను చంకల్లోంచి భుజాల మీదికి ఎత్తుకుంటుంటే రెండోది, ఎందుకంటే తల్లికి తెలిసేంత బాగా ఎవరికీ తెలియదు. చేతులు పైకి తీయలేకపోతుంటే, ఎవరూ అడుగు వేయకుండానే జనం మొత్తం ఒక పక్కకు ఊగి మళ్ళీ వెనక్కి వస్తుంటే మూడోది. మూడో నంబరు పక్కన ఆయన రాసిన మాట: "ఇక మన చేతిలో లేదు."

చాలా ఏళ్ళ తర్వాత, గుంపుల గురించి చదువుతుండగా జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు రాసింది కంటపడింది. చదరపు మీటరుకు ఏడుగురు దాకా చేరితే గుంపు ఇక మనుషుల్లా కాక ద్రవంలా కదులుతుందని, లోపల తరంగాలు పుడతాయని, ఏ ఒక్కరి బలమూ దాన్ని ఆపలేదని ఆయన చెప్పారు. అలాంటి చోట మనుషులు చాలావరకు కాళ్ళ కింద నలిగి చనిపోరు. నిలబడినచోటే ఊపిరి పీల్చుకోవడానికి ఛాతీ విచ్చుకునే చోటు లేక చనిపోతారు. మనం 'తొక్కిసలాట' అంటాం. ఆ మాట తప్పు జనానిదే అన్నట్టు ధ్వనిస్తుంది. ఒకరినొకరు తొక్కేసుకున్నారు అన్నట్టు. వెనకున్నవాడికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. తెలిస్తే తోయడు. తెలియజేయవలసినవాళ్ళు తెలియజేయలేదు, అంతే. ఆ రోజు ఫ్రూయిన్ మాటలు చదివి ఎర్ర పుస్తకం తెరిచాను. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మా నాన్న, చదరపు మీటర్లు ఎరగని మా నాన్న, అదే సంగతిని తల్లుల చేతులు చూసి రాసుకున్నారు.

పుష్కరాల్లో ఆయన రోప్ పార్టీలో పనిచేశారు. ఐదారుగురు పోలీసులు పొడుగాటి తాడు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడతారు. సరుగుడు కర్రలతో కట్టిన బారికేడ్ల మధ్య జనాన్ని కొంత కొంతగా వదులుతారు. రాత్రి ఇంటికొచ్చాక నాన్న అరచేతులు చూసి అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. పీచు తాడు ఒరిపిడికి చర్మం లేచిపోయి, వేళ్ళ మడతల్లో ఎర్రటి చారలు. అమ్మ వెన్నపూస తెచ్చి రాస్తుంటే ఆయన నాకు పాఠం చెప్పేవారు. "ధవళేశ్వరం లాకు చూశావు కదా. తలుపు వేసేది నీళ్ళను ఆపేద్దామని కాదు. కాస్త కాస్తగా వదలడానికి. తాడు కూడా అంతే. జనాన్ని ఆపేయకూడదు, ముందున్నవాళ్ళకు ఊపిరి తీసుకునే సందు ఇవ్వాలి." అమ్మ మాత్రం, "నైలాను తాడు ఇమ్మని అడగొచ్చు కదండీ" అనేది. "నైలాను జారుతుందే, చేతికి పట్టు దొరకదు" అనేవారు ఆయన.

ఒక తెల్లవారుజామున ఆయన పాయింట్ ఘాట్‌కు పోయే ఒక సందు మొగలో. చీకటి ఇంకా విడలేదు. ముందు కిక్కిరిసిపోతున్నట్టు ఆయనకు అనిపించింది. ఎవరినీ అడగకుండా తాడు వేయించారు. ఇరవై నిమిషాలు. వెనక నుంచి అరుపులు, శాపనార్థాలు, ఒకాయన చెంబు విసిరికొట్టాడట. ఆ ఇరవై నిమిషాల్లో ఆగిపోయినవాళ్ళలో పలుకుబడి ఉన్న ఒక కుటుంబం ఉంది. మర్నాడు పైనుంచి మెమో వచ్చింది. ఉత్తర్వులు లేకుండా యాత్రికులను ఎందుకు ఆపారో సంజాయిషీ ఇవ్వాలని.

ఆ ఉదయం ఆ ఘాట్‌లో ఏమీ జరగలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఏమీ జరగలేదు కాబట్టి తాడు వేయకపోయినా ఏమీ జరిగేది కాదని అనడానికి ఎవరికైనా వీలుంటుంది. నాన్న దగ్గర రుజువు లేదు. జరగని ప్రమాదానికి పంచనామా ఉండదు, శవాలుండవు, కమిషన్ ఉండదు. ఇంట్లో నాలుగు రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదు. భద్రతకు సంబంధించిన ఉద్యోగాలన్నిటిలోనూ ఈ బాధ ఉంటుందనుకుంటాను. నీళ్ళలోంచి ఒకరిని లాగినవాడి ఫోటో పేపర్లో వస్తుంది, రావాలి కూడా. ఆ మనిషి నీళ్ళ దాకా పోకుండా సాయంత్రమే అక్కడ ఒక కర్ర పాతించినవాడి సంగతి అతని భార్యకు కూడా తెలియదు.

2015 జులై 14. మళ్ళీ పుష్కరాలు, మొదటి రోజు. ఈసారి మహా పుష్కరాలన్నారు. నూట నలభై నాలుగేళ్ళకు ఒకసారి వచ్చేవన్నారు. నాన్న రిటైరై చాలా కాలమైంది, మోకాళ్ళ నొప్పులతో గడప దాటడం లేదు. ఉదయం టీవీ పెట్టుకుని కూర్చున్నాం. పుష్కర ఘాట్ దగ్గర జనం నలిగిపోయారు. 27 మంది ప్రాణాలు పోయాయి. ముహూర్త వేళకే మునక వేయాలన్న తపనతో రాత్రి నుంచే జనం అక్కడ చేరారు. తరువాత వేసిన న్యాయమూర్తి సోమయాజులు కమిషన్ కూడా ఆ ముహూర్తానికి జరిగిన విపరీత ప్రచారాన్నే తప్పుపట్టింది. పుష్కరం పన్నెండు రోజులు. నది పన్నెండు రోజులూ ఉంటుంది. ఆ సంగతి చెప్పడం కూడా బందోబస్తులో భాగమే అని నాకు ఆ రోజు తట్టింది. సరైన మాట నెల రోజుల ముందు చెబితే, ఆ ఉదయం వెయ్యి మంది పోలీసులు చేయలేని పని అది చేసి ఉండేది.

నాన్న టీవీ కట్టేయమన్నారు. చాలాసేపు అరచేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నారు. తరువాత అడిగారు: "ఒకటో నంబరు ఎన్నింటికి దాటిందో ఎవరైనా చూశారంటావా?"

ఈ ప్రశ్న నాకు మళ్ళీ ఎదురైంది దక్షిణ కొరియా వార్త చదివినప్పుడు. 2022 అక్టోబర్ 29న సియోల్ నగరంలో ఇతెవాన్ అనే పేటలో పండుగ రాత్రి. ఏటవాలు సందులో కుర్రకారు ఇరుక్కుపోయారు. 159 మంది పోయారు. ప్రమాదం జరిగింది రాత్రి పది దాటాక. కానీ పోలీసులకు మొదటి ఫోను సాయంత్రం 6:34కే వెళ్ళింది. ఇక్కడ నలిగిపోయేలా ఉన్నారు, వచ్చి ఆపండి అని. ప్రమాదం ముంచుకొచ్చే లోపల అలాంటి ఫోన్లు పదకొండు. ఆ గుంపుకు నిర్వాహకులంటూ ఎవరూ లేరు. అందువల్ల ముందస్తు ప్రణాళిక ఎవరి బాధ్యతో తేలలేదు. అక్కడ ఒకటో నంబరు చూసినవాళ్ళు ఉన్నారు, చూసి చెప్పినవాళ్ళు ఉన్నారు. చెబితే వెంటనే ఏం చేయాలో మాత్రం ముందే రాసి పెట్టుకున్నవాళ్ళు లేరు. ఇంచుమించు నాలుగు గంటలు. మా గోదావరికైతే అది ఒక అడుగు నీరు పెరిగే వ్యవధి కూడా కాకపోవచ్చు. ఒక సందు మూయడానికి మాత్రం కావలసినంత సమయం.

నాన్న పట్టుబట్టే సంగతి ఇంకొకటి ఉంది, రిజర్వు. పాయింట్లన్నీ నింపాక ఒక పది మందిని ఏ పనీ పెట్టకుండా చెట్టు కింద కూర్చోబెట్టాలనేవారు. చూసేవాళ్ళకు వాళ్ళు ఖాళీగా ఉన్నట్టు కనబడతారు. ఎవరో ఒక అధికారికి కంటగింపై, "ఆ పది మందినీ అటు పంపండి" అంటారు. పంపాక అవసరం పడుతుంది. దేశం మొత్తానికి ఈ పాఠం 2008 నవంబర్‌లో ముంబయి మీద జరిగిన ఉగ్రదాడి నేర్పింది. తాజ్ హోటల్లో కాల్పులు జరుగుతుంటే ఎన్ఎస్‌జీ కమాండోలు ఢిల్లీ పక్కన మానేసర్ నుంచి బయల్దేరి రావలసి వచ్చింది. దూరం అంటే గంటలు, గంటలు అంటే మనుషులు. ఆ మరుసటి ఏడాదే ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో పాటు మన హైదరాబాద్‌లోనూ వాళ్ళకు కేంద్రాలు పెట్టారు. హైదరాబాద్ శివార్లలో ఆ జవాన్లు ఈ రోజు కూడా ఎక్కడో ఒక ఖాళీ భవనంలోకి తాళ్ళు పట్టుకుని దిగడం సాధన చేస్తుంటారు. వాళ్ళ సాధన మొత్తం వృథా కావాలని మనసారా కోరుకుంటాను. ఆ వృథాకు మనం పెట్టే ఖర్చంతా సద్వినియోగమే.

ఇప్పుడు కెమెరాలొచ్చాయి. డ్రోన్లొచ్చాయి. తలలు లెక్కపెట్టి, ఇక్కడ చిక్కబడుతోంది అని ఎర్ర రంగులో చూపించే కంప్యూటర్లు వచ్చాయి. ఎర్ర పుస్తకంతో నాన్న చేయాలనుకున్న పని అవి క్షణంలో చేస్తాయి. సంతోషమే. అయితే 2025 జనవరిలో ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళాలో ఆ కెమెరాలన్నీ ఉన్నాయి. మౌని అమావాస్య నాడు తెల్లవారకముందే సంగమం దగ్గర అధికారిక లెక్క ప్రకారమే 30 మంది పోయారు. అంతకు మూడు వారాల ముందు తిరుపతిలో, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవాళ్ళలో ఆరుగురు. అంకె తెరమీద కనబడితే చాలదు. ఆ అంకె చూసిన మనిషి తాడు వేయగలగాలి. వేశాక, ఏమీ జరగకపోతే, అతనికి మెమో రాకూడదు.

2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ వస్తున్నాయి. ఘాట్ వైపు వెళ్ళినప్పుడల్లా నేను మలుపు దగ్గర ఆగుతాను. ఈ వయసులో గొంతుక్కూర్చోవడం కష్టమే, అయినా ఒక్కోసారి కూర్చుంటాను. ఆరేళ్ళ పిల్లాడికి మెట్లు కనబడతాయా అని చూస్తాను. ముందున్నవాళ్ళ నడుములు తప్ప ఏమీ కనబడవు. ఒకసారి గస్తీలో ఉన్న ఒక కుర్ర కానిస్టేబుల్ "ఏమైందండీ అమ్మగారూ, కళ్ళు తిరిగాయా?" అని పరుగెత్తుకొచ్చాడు. చేయి పట్టుకుని లేపాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. అరచెయ్యి మెత్తగా ఉంది. నాన్న సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "పిల్లల్ని భుజాలకెత్తుకోవడం... అది నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. సెల్‌ఫోన్ తీసి రాసుకున్నాడు.

నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే ఎర్ర పుస్తకంలో మడత పెట్టిన ఆ మెమో దొరికింది. వెనక వైపు ఆయన తన సంజాయిషీని పెన్సిల్‌తో చిత్తు రాసుకున్నారు. మొదట రాసిన నాలుగైదు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. ఘాట్ కొలతలు, సెట్‌లో ఎవరూ పలకకపోవడం, తన సర్వీసు ఎన్నేళ్ళో. అన్నీ కొట్టేశారు. కింద, గుండ్రటి అక్షరాలతో మిగిలింది ఇంతే:

"అయ్యా, ఆడవాళ్ళు పిల్లలను భుజాల మీదికి ఎత్తుకుంటున్నారు. అందుచేత ఆపితిని."